గేటు లోపలి గది

ఏ పనికైనా పట్టిక వెయ్యనిదే నాకు తోచదు. నెల సరుకులకీ పట్టికే, పాపని ఏ బడిలో వెయ్యాలన్నా పట్టికే. మా ఆయన్ని చేసుకునే ముందు కూడా ఒకటి వేశానని మా అమ్మ ఇప్పటికీ నలుగురిలో ఎగతాళి చేస్తుంది. మూడేళ్ళ కిందట దసరా పూజా సెలవులకి ఎటైనా తీసుకెళ్ళమని పాప చంపుకు తింటుంటే, విశాఖ అవతల సముద్రం దగ్గర నీళ్ళ ఆటలూ జారుడు బండలూ ఉన్న పెద్ద పార్కు ఒకటి దొరికింది. వెంటనే లాప్‌టాప్ తెరిచి రెండు నిలువు గళ్ళు గీశాను. ఒకదాని పైన 'లోపల' అనీ, రెండో దాని పైన 'బయట' అనీ రాశాను.

లోపల అంటే పార్కు గేటు లోపలే కట్టిన హోటలు. అక్కడ దిగినవాళ్ళని అందరికంటే అరగంట ముందు ఆటల్లోకి వదులుతారు. మధ్యాహ్నం ఎండకి గదికొచ్చి కాసేపు నడుం వాల్చొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి ఆటోలు ఎక్కి దిగే బాధ ఉండదు. బయట అంటే ఏదో ఊళ్ళో లాడ్జి, పొద్దున్నే తయారై బయలుదేరడం, తడిసిన పిల్లని ఒళ్ళో వేసుకుని సాయంత్రం తిరిగి రావడం. పట్టిక పూర్తయ్యేసరికి బయట గడిలో పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. మా ఆయన లోపలే అన్నాడు, పాప లోపలే అంది. నాన్న మాత్రం బయట అన్నాడు.

నాన్న దేనికీ అడ్డం చెప్పే మనిషి కాదు. పదిహేడేళ్ళ వయసులో శ్రీకాకుళం తీరం నుంచి కలకత్తా వచ్చి, ఖిదిర్‌పూర్ రేవులో ఓడల నుంచి సరుకు దించే గ్యాంగులో చేరి, ముప్ఫై ఏళ్ళకి పైగా అదే పని చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ రేవు వంతెన అవతల, నేను పుట్టిన ఆ రెండు గదుల ఇంట్లోనే అమ్మా నాన్నా ఉంటున్నారు. మేము న్యూటౌన్‌లో ఉంటాం. ఆదివారాలు వాళ్ళింటికి భోజనానికి వెళ్తాం. ఓడ కోసం వంతెన పైకి లేపారంటే బస్సు కదలదు, పప్పు చల్లారిపోతుంది, అమ్మ విసుక్కుంటుంది. మా ఆయనది వరంగల్. ఆయన తెలుగు నాన్నకి అర్థం కాదు, నాన్న తెలుగు ఆయనకి అర్థం కాదు, మధ్యలో అమ్మ దుబాసీ.

అలాంటి ఒక ఆదివారం నేను పట్టిక చదివి వినిపిస్తే, నాన్న అన్నం కలుపుతూ తల ఎత్తకుండా అన్నాడు.

"పార్కుకి ఎల్దుం. దిగడం మాత్రం బయట దిగుదుం అమ్మీ."

ఎందుకని అడిగితే లోపల మన తిండి దొరకదన్నాడు. ఫోనులో హోటలు వాళ్ళ వంటల ఫొటోలు చూపించాను, అన్నం, చేపల పులుసు అన్నీ ఉన్నాయి. తరవాతి ఆదివారం ఇంకో కారణం చెప్పాడు. గేటు లోపల పడుకోవడం తనకి గిట్టదట. రేవులో చేరిన కొత్తలో గ్యాంగు సర్దారు వేయించిన పాకల్లో ఉండేవాడట, ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేచి వెళ్ళాల్సిందేనట. ఇక్కడ సర్దారు ఉండడు నాన్నా, ఏసీ ఉంటుంది, అని నవ్వేశాను. మూడో వారం గాలి ఆడదన్నాడు. గదికి సముద్రం వైపు బాల్కనీ ఉందని చూపించాను. వకీలు కేసు గెలుస్తున్నట్టు ఒక్కొక్కటే కొట్టిపారేస్తుంటే నాకు సంబరంగా కూడా ఉండింది. నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళు.

ఆ మూడో వారమే అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేప పొలుసు తీస్తూ, "బయటే దిగితే ఏటయిపోద్దే?" అంది. నీ మోకాళ్ళ కోసమే కదమ్మా అని గయ్యిమన్నాను. అమ్మ చేపని రెండో వైపు తిప్పింది. నాలుగో ఆదివారం నాన్న, నీ ఇష్టం అమ్మీ, అనేశాడు. ఆయన చూస్తుండగానే లోపలి గదులు రెండు ఖాయం చేశాను. నాన్న లేచి చెయ్యి కడుక్కుని బయట అరుగు మీద కూర్చున్నాడు. అలిగాడనుకున్నాను. ముసలితనంలో పంతం ఎక్కువవుతుందని దారిలో మా ఆయనతో అన్నాను కూడా.

ఇక్కడ మా చిన్నాన్న గురించి చెప్పాలి.

నాన్నకి ఒక్కడే తమ్ముడు. నా చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండేవాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని వంతెన లేవడం చూపించడానికి తీసుకెళ్ళేవాడు. చలికాలంలో కొత్త ఖర్జూరబెల్లం వచ్చిందంటే, దానితో చేసిన సందేశ్ మిఠాయి పొట్లం తెచ్చి సగం దారిలోనే తినేసి, మిగిలిన సగానికి నాతో దెబ్బలాడేవాడు. నాన్నే సర్దారు కాళ్ళా వేళ్ళా పడి, తమ్ముడికి నాదీ పూచీ అని చెప్పి, తన గ్యాంగులో పెట్టించాడు. ఇద్దరికీ కలిపి అమ్మ నాలుగు గిన్నెల కేరేజీలో అన్నం సర్దేది. పై గిన్నె మీద చిన్నాన్న మేకుతో ఒక చేప బొమ్మ గీశాడు.

నాకు పదేళ్ళప్పుడు, ఓడ సగం దించి ఉండగా, చిన్నాన్న ఎవరికీ చెప్పకుండా రైలెక్కి వెళ్ళిపోయాడు. ఓడల్లో ఊపిరాడలేదట, సముద్రం ఒడ్డునే బతుకుతానని పోయాడు. వెళ్తూ ఆ రోజు చేతిలో ఉన్న కేరేజీ కూడా పట్టుకుపోయాడు. పూచీ పడ్డందుకు సర్దారు గ్యాంగు అందరి ముందూ నాన్నని నిలబెట్టి నానా మాటలూ అన్నాడు. రెండు నెలల తరవాత చిన్నాన్న ఎండుచేపల సంచి పట్టుకుని క్షమించమని వచ్చాడు. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, నా గుమ్మం తొక్కకు, అన్నాడు. నేను నాన్న వెనకే ఉన్నాను. చిన్నాన్న సంచి మెట్టు మీద పెట్టి, నా వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

మా వాళ్ళలో ఆ మాట అనేస్తే దానికి విరుగుడు ఒక్కటే. అన్నవాడే మొదట అవతలివాడి గుమ్మం తొక్కాలి. మధ్యవర్తులు పనికిరారు. రాజీకొచ్చానని నోటితో చెప్పకూడదు, చెబితే ఇద్దరికీ చిన్నతనం. ఏదో పని మీద ఆ వైపు వచ్చినట్టు, ఎక్కడ దిగాలో తోచక వచ్చినట్టు వెళ్ళి, వాళ్ళు పెట్టింది తిని, ఆ చూరు కింద పడుకుని లేవాలి. అంతే, మాట తీరిపోయినట్టు. దీనికి రెండో వైపు కూడా ఒకటుంది. తోడబుట్టినవాడి పొయ్యి వెలిగే ఊరికి వెళ్ళి లాడ్జిలోనో హోటల్లోనో దిగావంటే, తెగిపోయిందని డప్పు కొట్టి చెప్పినట్టే.

ఇవన్నీ నాకు తరవాత తెలిశాయి. చిన్నాన్న విశాఖ వైపు ఎక్కడో ఉన్నాడని మాత్రం ముందే తెలుసు. పండగలకి అమ్మా, చిన్నాన్న భార్య మా పిన్నీ ఫోనులో రెండు మాటలు మాట్లాడుకోవడం విన్నాను. ఆ 'ఎక్కడో' అన్నది మేము వెళ్ళే పార్కుకి నాలుగు మైళ్ళ దూరంలోని పల్లె అని తెలుసుకోవాలని నాకు తట్టలేదు. నా పట్టికలో దానికి గడి లేదు. పాతికేళ్ళ తరవాత నాన్నకి ఒక సాకు దొరికింది. ఆ సాకుని మూడు ఆదివారాలు నా ముందు పెట్టాడు, నేను మూడుసార్లు కొట్టేశాను. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

హౌరాలో రైలెక్కి మర్నాడు దిగాం. గేటు దగ్గర అందరి మణికట్లకీ నీలం పట్టీలు కట్టారు. నాన్న తన పట్టీని తిప్పి తిప్పి చూసుకున్నాడు. గది బాగుంది. బాల్కనీలో నిలబడి కింద ఒడ్డు వెంబడి కనిపిస్తున్న పల్లెల వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. చూశావా నాన్నా, ఎంత గాలో, అన్నాను. బావుందమ్మీ, అన్నాడు.

రెండో రోజు పొద్దున్నే నీళ్ళ వైపు వెళ్ళాం. తడుస్తాయని ఫోనులన్నీ లాకరులో పెట్టాను. నాన్న తనది ఇవ్వనన్నాడు. నేను నీళ్ళలో దిగనుగా, నా దగ్గరుండనీ, అన్నాడు. పాప నీళ్ళు చల్లుతుంది నాన్నా, అని చొక్కా జేబులోంచి నేనే తీసేసుకున్నాను. ఆయన ఆ రోజంతా అలల కొలను పక్కన మా చెప్పులకి కాపలాగా కూర్చున్నాడు.

సాయంత్రం లాకరు తీస్తే నాన్న ఫోనులో ఒకే కొత్త నంబరు నుంచి వరసగా పిలుపులు ఉన్నాయి. ఆ వారమంతా బ్యాంకులవాళ్ళు నా ఫోనుకి కార్డు తీసుకోమనీ అప్పు తీసుకోమనీ పొద్దస్తమానం చేసి ప్రాణం తీశారు. ఇప్పుడు ముసలాయన మీద పడ్డారా అని చిరాకేసింది. ఆ నంబరు మళ్ళీ మోగకుండా బ్లాక్ చేసి, చిట్టా చెరిపేసి, ఫోను నాన్న జేబులో పెట్టేశాను. నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు.

మర్నాడు గది ఖాళీ చేసి గేటు దాటుతుంటే కాపలాదారు ఆపి, నిన్న మీ కోసం ఎవరో ఇచ్చి వెళ్ళారు, బయటి తిండి లోపలికి రానివ్వకూడదు కాబట్టి ఇక్కడే ఉంచాం అని, తన గదిలోంచి ఒక కేరేజీ తెచ్చి ఇచ్చాడు. నాలుగు గిన్నెలది, సొట్టలు పడి ఉంది. లోపలి కూర పులిసిపోయి వాసన వేస్తోంది. నేను ముక్కు మూసుకున్నాను. నాన్న దాన్ని చేతిలోకి తీసుకుని పై గిన్నె మీద వేలు పెట్టాడు. అరిగిపోయిన చేప బొమ్మ అక్కడే ఉంది.

చిన్నాన్న పొద్దున తొమ్మిదింటికే వచ్చాడట. టిక్కెట్టు కొంటానన్నాడట గానీ కేరేజీతో వదలం అన్నారట. గదిలో ఉన్నవాళ్ళని పిలవండి, వాళ్ళొచ్చి సంతకం పెడితే కలవొచ్చు, అన్నారట. ఫోను చేస్తూనే ఉన్నాడు పాపం, ఎండలో రెండింటి దాకా ఆ చెట్టు కింద నిలబడ్డాడు, అని కాపలాదారు చెప్పాడు. తరవాత అమ్మ ద్వారా మిగతాది తెలిసింది. మేము బయట దిగుతామనే ఆశతో అమ్మ పిన్నికి ముందే చెప్పి, నాన్న నంబరు కూడా ఇచ్చిందట. నేను లోపల ఖాయం చేశాక అదీ చెప్పాల్సి వచ్చింది. అన్నయ్య హోటల్లో దిగాడని విని కూడా చిన్నాన్న బయలుదేరాడు. ఆ గేటు అన్నయ్య గుమ్మం కాదు కదా, అక్కడ దాకా నేను వెళ్ళొచ్చు, అన్నాడట పిన్నితో.

"నా ఫోనుకి రాలేదు కదా?" అని నాన్న నన్నడిగాడు.

లాకరులో ఉండిపోయింది నాన్నా, అన్నాను. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

బండి కట్టించి అప్పుడే వెళ్ళొచ్చు. రైలుకి ఇంకా నాలుగు గంటలుంది. వెళ్దాం నాన్నా అని నేనే అన్నాను. ఆయన కేరేజీ వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తిండి పెట్టి పంపిన గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, అదీ ఇన్నేళ్ళ తరవాత. దుకాణంలో ఏదైనా కొని వేద్దామంటే ఒప్పుకోలేదు. చలికాలం రానీ, కొత్త బెల్లం సందేశ్ నాలుగు గిన్నెలా నింపి, నేనే పట్టుకెళ్తాను, ఆడికదంటే ప్రాణం, అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నేనూ ఊరుకున్నాను. ఆలస్యం అమృతం విషం అని అమ్మ మెల్లగా గొణిగింది గానీ ఎవరం పట్టించుకోలేదు.

ఖిదిర్‌పూర్ వచ్చాక నాన్న కేరేజీని చింతపండుతో తోమించి అలమర మీద పెట్టాడు. డిసెంబరుకి రైలు టిక్కెట్లు తీయించాడు. ఈసారి లాప్‌టాప్ జోలికి పోకు అని నన్ను వేళాకోళం ఆడాడు కూడా. అమ్మ పిన్నికి ఫోను చేస్తే, ఎన్నిసార్లు చేసినా అన్నయ్య ఎత్తడం లేదు, నాతో ఇంక పని లేదు కాబోలు, అని చిన్నాన్న అనుకుంటున్నాడట. పిన్ని ఫోనిచ్చి మాట్లాడమంటే లేచి బయటికి పోయాడట. నాన్న విని, ఫోనులో కాదులే, ముందు సెప్పకుండా ఎదురుగా ఎల్లాల, అన్నాడు. ఆ నంబరు సంగతి నాకు అప్పుడైనా గుర్తు రావాలి. గుర్తొచ్చింది. తీసేద్దాంలే అనుకున్నాను. ఫోను నాన్న జేబులో ఉంటుంది, నేను న్యూటౌన్‌లో ఉంటాను, తీయాలంటే ఆయన ముందే తీయాలి, ఎందుకని అడుగుతారు. వచ్చే ఆదివారం, పై ఆదివారం అని దాటేశాను.

నవంబరు ఆఖరున పిన్ని నుంచి ఫోను వచ్చింది. వల బాగుచేస్తూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

చావింటికి తీపి తీసుకెళ్ళరు. కేరేజీ ఖాళీగానూ తీసుకెళ్ళకూడదు. అమ్మ నాలుగు గిన్నెల్లోనూ బియ్యం పోసింది. నాన్న దాన్ని రైల్లో ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు. మేము చేరేసరికి దహనం అయిపోయింది. చిన్న ఇల్లు, రెండు మెట్లు, గుమ్మానికి పసుపు వెలిసిపోయి ఉంది. నాన్న ఆ గుమ్మం ముందు ఆగిపోయాడు. పిన్ని లోపలి నుంచి వచ్చి, "తొక్కండి బావగోరూ, ఇదే గుమ్మం," అంది. కోపంగా అనలేదు. నాన్న గడప దాటి లోపలికి వెళ్ళి గోడకి చేరగిలబడి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నేను ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు.

పక్క గదిలో ఒక కొత్త మంచం ఉంది. పరుపు మీద దుకాణం వాళ్ళ ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. దసరాకి ముందు, మీ నాన్న వస్తున్నాడని కొన్నాడు, కింద పడుకోలేడని, అంది పిన్ని నాతో. హోటల్లో దిగారని తెలిశాక తిరిగి ఇచ్చేద్దామంటే, ఉండనీ, అన్నాడట. ఊళ్ళో లాడ్జిలో గది చూడనా అని మా ఆయన పొద్దున నన్నడిగాడు. నోరు మూసుకోమన్నాను. పదకొండో రోజు దాకా నాన్న ఆ మంచం మీదే పడుకున్నాడు. కవరు తియ్యనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం నాన్న నన్ను పిలిచి తన ఫోను చేతికిచ్చాడు.

"ఆ దినం తమ్ముడు సేసిన నెంబరు ఇందులో ఉంటాదేటి అమ్మీ? ఉంటే ఆడి పేరేసి పెట్టు."

ఫోను తీసుకుని అరుగు మీదకి వచ్చాను. ఆపేసిన నంబర్ల జాబితా తెరిచాను. అందులో ఆ ఒక్క నంబరే ఉంది. దాని కింద, మేము తిరిగొచ్చాక ఎప్పుడెప్పుడు పిలిచాడో కూడా వరసగా ఉంది. మూడుసార్లు. ఆఖరుది పోవడానికి నాలుగు రోజుల ముందు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తీశాను ఆ అడ్డం. తీసి, సరైన నంబరేనా అని నొక్కాను. ఎందుకు నొక్కానో నిజానికి నాకే తెలీదు. లోపల చిన్నాన్న ఫొటో పక్కన అలమరలో ఫోను మోగింది. పిన్ని పెరట్లో ఉంది. నాన్న లేచిన చప్పుడు వినిపించింది, మోగడం ఆగింది. తరవాత నా చెవిలో ఆయన గొంతు, హలో, ఎవరు, అంటోంది.

చెవి దగ్గర నుంచి ఫోను తియ్యలేదు. అలాగే గుమ్మం దాకా వెళ్ళాను. నాన్న తమ్ముడి ఫోను చెవి దగ్గర నుంచి తీసి, దూరంగా పట్టుకుని, దాని మీద కనిపిస్తున్న పేరు కూడబలుక్కుని చదువుతున్నాడు.

"అన్నయ్య అని రాసుంది," అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. లాకరు, చిరాకు, ఆ నంబరు ఆపెయ్యడం, ఆదివారాలు దాటెయ్యడం, తరవాత వచ్చిన మూడు పిలుపులు, అన్నీ గుమ్మంలో నిలబడే చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. నాన్న అంతా విని, ఆ ఫోనుని ఫొటో దగ్గర ఎక్కడ ఉందో అక్కడే, అదే వైపు తిప్పి పెట్టాడు.

"మరి ఇది ఆడికి తెల్దు కదమ్మీ," అన్నాడు.